5,000 కిలోమీటర్ల "లాంగ్ టర్మ్ రివ్యూ" చూసి టూరింగ్ బైక్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఫోన్‌కి రివ్యూ రాయాలంటే రెండు వారాలు సరిపోతాయి. బ్యాటరీ ఎంత వస్తుంది, రాత్రి పూట కెమెరా ఎలా ఉంది, గేమ్ ఆడితే వేడెక్కుతుందా, ఇవన్నీ పద్నాలుగు రోజుల్లో బయటపడతాయి. ఇంకా అనుమానం ఉంటే ఆరు నెలలకు మళ్లీ ఒక లాంగ్ టర్మ్ రివ్యూ పెట్టొచ్చు. మనలో చాలామంది మూడేళ్లకు ఫోన్ మార్చేస్తాం కాబట్టి, ఆరు నెలలంటే దాని జీవితంలో ఆరో వంతు. తక్కువేం కాదు.

ఇప్పుడు ఇదే కొలతను బైక్‌లకు వాడేస్తున్నారు. మూడు లక్షలు పెట్టి, పదేళ్లు ఉంచుకుందామని కొనే టూరింగ్ బైక్ మీద "5,000 కిలోమీటర్ల తర్వాత నా అనుభవం" అని ఒక వీడియో, కింద "రిలయబిలిటీ: 9/10" అని ఒక మార్కు. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అస్సలు అర్థం కాదు. 5,000 కిలోమీటర్లకు చైన్ స్ప్రాకెట్ సెట్ కూడా ఒక్కసారి మార్చరు. మొదటి బ్యాటరీ కూడా అయిపోదు. ఆ బండి ఇంకా ఒక పూర్తి ఎండాకాలం చూసిందో లేదో!

గ్యాడ్జెట్ సైట్‌లో బైక్ గోల ఎందుకు అంటారా? టూరింగ్ బైక్ ఇప్పుడు సగం గ్యాడ్జెట్టే కాబట్టి. టీఎఫ్‌టీ స్క్రీన్, బ్లూటూత్, మ్యాప్స్, రైడ్ బై వైర్, ట్రాక్షన్ కంట్రోల్, డజను సెన్సర్లు. మాది కరీంనగర్, ఉద్యోగం హైదరాబాద్‌లో. వీకెండ్ దొరికితే జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వైపు పోతుంటాం. ఆఫీసులో నా పని సర్వర్లు పడిపోతే ఎందుకు పడిపోయాయో చూడటం. అందుకేనేమో, ఈ రెండు నెలల్లో నలుగురు ఫ్రెండ్స్ అడిగారు: "ఏ బండి తీస్కుంటే ఆగకుంట నడుస్తదిరా?" వాళ్లకు విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

ముందు లెక్క సంగతి. మనం బండి కొనేటప్పుడు చేసే పని ఏంటి? తెలిసిన ముగ్గురు ఓనర్లను అడుగుతాం. ముగ్గురూ "ఏం ప్రాబ్లం లేదు అన్నా, మస్తుంది" అంటే బుక్ చేస్తాం. ఇప్పుడు ఒక మోడల్ తీసుకోండి. నాలుగేళ్లలో ప్రతి వంద బండ్లలో 15 దారి మధ్యలో ఆగిపోతాయి అనుకుందాం. నా దృష్టిలో అది చెడ్డ బండే. అయినా మీరు అడిగిన ముగ్గురికీ ఏమీ జరక్కపోయి ఉండే అవకాశం 61 శాతం. పది మందిని అడిగినా, పది మందీ "ఏం ప్రాబ్లం లేదు" అనే అవకాశం దాదాపు 20 శాతం ఉంటుంది. 0.85ని పది సార్లు గుణించి చూసుకోండి, అంతే. బీటెక్‌లో ప్రాబబిలిటీ పేపర్ ఎందుకు రాశామా అనుకునేవాణ్ణి, ఇదిగో ఇక్కడ పనికొచ్చింది.

దీనికి రివర్స్‌లో ఇంకో సమస్య. ఆన్‌లైన్‌లో ఒక బండి మీద రెండొందల కంప్లైంట్లు, ఇంకో బండి మీద పది కంప్లైంట్లు కనిపిస్తే మొదటిది చెత్త అనేస్తాం. మొదటిది లక్షల్లో అమ్ముడుపోయి, రెండోది వేలల్లోనే అమ్ముడుపోతే? కింద భాగహారం లేకుండా పైన అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకు కంప్లైంట్లు ఎక్కువ కనిపించడానికి సగం కారణం, రోడ్డు మీద ఆ బండ్లు అన్ని ఉండటమే. మిగతా సగం గురించి వాదించుకోవచ్చు, అది వేరే విషయం.

కరీంనగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే మెకానిక్ అన్నను ఒకసారి ఇదే అడిగా. "అన్నా, నీ దగ్గరికి ఏ బండి ఎక్కువ రిపేరుకొస్తది?" ఆయన స్పానర్ కింద పెట్టకుండానే చెప్పాడు: "తమ్మీ, మంచిగున్న బండి నా దగ్గరికెందుకొస్తది? గ్యారంటీల ఉన్నది షోరూంకు పోతది. నా దగ్గరికొచ్చేది పాతది, లేకపోతే వాళ్లతోని కానిది." ఏ డేటా సైన్స్ కోర్సులోనూ శాంపిల్ బయాస్‌ని ఇంత బాగా చెప్పగా వినలేదు.

మరి పెద్ద శాంపిల్‌తో ఎవరైనా చేశారా? అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు 2015లో వేల మంది ఓనర్లను అడిగి బ్రాండ్ల వారీగా ఒక పట్టిక ఇచ్చారు. నాలుగేళ్ల వయసున్న బండ్లలో రిపేరు వచ్చిన శాతం: యమహా 11, సుజుకీ 12, హోండా 12, కవాసకీ 15, విక్టరీ 17, హార్లే 26, ట్రయంఫ్ 29, డుకాటీ 33, బీఎండబ్ల్యూ 40. జపాన్ బండ్లు ఒకవైపు, మిగతావి ఒకవైపు. ఇందులో 11కి, 12కి తేడా ఉందని కొట్లాడుకోవద్దు, అది ఏమీ కాదు. 12కి, 40కి మధ్య మాత్రం నిజంగానే తేడా ఉంది.

ఆ సర్వేలో నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. "మళ్లీ ఇదే బండి కొంటారా?" అని అడిగితే అందరికంటే ఎక్కువగా "కొంటాం" అన్నది విక్టరీ ఓనర్లు, ఆ తర్వాత హార్లే వాళ్లు. రిపేర్లు జపాన్ బండ్లకు రెట్టింపు పైనే ఉన్నా హార్లే ఓనర్లు సంతోషంగానే ఉన్నారు! అంటే ఓనర్ సంతృప్తి వేరు, బండి నమ్మకం వేరు. రెండూ కలిపి ఒకే స్టార్ రేటింగ్‌లో పడేస్తే ఏది ఎంతో తెలియదు. ఇంకో చిన్న ముచ్చట: అందరికంటే సంతోషంగా ఉన్న ఆ విక్టరీ బ్రాండ్‌నే 2017 జనవరిలో పొలారిస్ కంపెనీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. మన దగ్గర హార్లే కూడా 2020 సెప్టెంబర్‌లో ఇండియాలో తయారీ, అమ్మకాలు ఆపేస్తున్నానని చెప్పి, తర్వాత హీరోతో చేతులు కలిపింది. ఆ మధ్య నెల రోజులు ఇక్కడి ఓనర్లు ఏం అనుకొని ఉంటారో ఆలోచించండి. ఇంజన్ గట్టిదే, మరి రేపు ఫిల్టర్ ఎవరిస్తారు?

అయితే ఈ అమెరికా పట్టికను తెచ్చి మన రోడ్డు మీద పెట్టొద్దు. అందులో ఉన్న బండ్లు వేరు, వాతావరణం వేరు. మా వైపు మే నెలలో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో 45 డిగ్రీలు దాటడం మామూలే. అదే పాత ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీలో డిసెంబర్ తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. అంటే ఒకే బండి, ఒకే జిల్లాలో, ఏడాదిలో నలభై డిగ్రీల తేడా చూస్తుంది. రబ్బరు సీళ్లకు, బ్యాటరీకి ఇది ఎంత పరీక్షో చెప్పక్కర్లేదు. దీనికి తోడు కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల దుమ్ము, గోదావరిఖని వైపు పోతే బొగ్గు టిప్పర్ల మసి, వానాకాలంలో ఆదిలాబాద్ నల్లరేగడి. ఆ రేగడి మడ్‌గార్డ్‌కీ టైరుకీ మధ్య సిమెంటులా పట్టేస్తుంది, రేడియేటర్ ఫిన్స్‌లో కూడా. మాన్యువల్‌లో ఎయిర్ ఫిల్టర్‌కి రాసిన కిలోమీటర్లలో సగానికే నేను తీసి చూస్తా. చూసిన ప్రతిసారీ సమయానికే తీశాననిపిస్తుంది.

ఇప్పుడు "మోడల్ పేరు" అనే మోసం గురించి. "హిమాలయన్ మంచిదా?" అని అడుగుతారు. ఏ హిమాలయన్? 2016 మార్చిలో కార్బ్యురేటర్‌తో వచ్చిందా, 2017లో ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వచ్చిందా, 2020 బీఎస్6దా, లేక 2023 నవంబర్‌లో వచ్చిన 450నా? 411కీ 450కీ మధ్య పేరు తప్ప పెద్దగా కలిసేది లేదు. 450లో ఉన్నది 452 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజన్, ఆ కంపెనీకే మొదటి లిక్విడ్ కూల్డ్ ఇంజన్. 2016 బండి ఓనర్ తిట్లు దానికి వర్తించవు, 2021 బండి ఓనర్ పొగడ్తలూ వర్తించవు. డామినార్ కూడా అంతే: 2016 డిసెంబర్ బండి వేరు, 2019లో ఇంజన్ హెడ్, ముందు ఫోర్కులు మారి వచ్చిన బండి వేరు. మనం ఫోన్ విషయంలో ఆండ్రాయిడ్ వెర్షన్ అడక్కుండా "స్లోగా ఉంది" అంటే ఒప్పుకుంటామా? బండికి కూడా తయారైన నెల, సంవత్సరం అడగాలి.

నేను అన్నిటికంటే ఎక్కువ బరువిచ్చే ప్రశ్న ఇది: ఆ ఇంజన్‌కి అన్నదమ్ములు ఎందరు? టూరింగ్ బండ్లు తక్కువ అమ్ముడవుతాయి, కాబట్టి వాటి డేటా తక్కువ. కానీ అదే ఇంజన్ వేరే బండ్లలో కూడా ఉంటే ఆ డేటా మొత్తం మీకు ఉచితంగా వస్తుంది. సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ 2022లో వచ్చింది, కానీ దాని 249 సీసీ ఆయిల్ కూల్డ్ ఇంజన్ 2019 నుంచి జిక్సర్ 250లో నడుస్తోంది. 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్ ఇంజన్‌కు మూలం 2013 నుంచి ఉన్న డ్యూక్ 390. మీటియోర్ 350లో 2020లో మొదలైన 349 సీసీ ఇంజన్ తర్వాత క్లాసిక్, హంటర్, బుల్లెట్ అన్నిటిలోకీ వెళ్లింది. అంటే ఆ ఇంజన్‌లో లోపం ఉంటే ఇప్పటికే ఊరూరా తెలిసిపోయి ఉండాలి, దానికి మందు కూడా ఊరూరా తెలిసి ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంతే కదా. లక్ష మంది వాడే లైబ్రరీలో బగ్ ఉంటుంది, కానీ ఆ బగ్‌కి జవాబు కూడా దొరుకుతుంది. ఇద్దరే వాడే లైబ్రరీలో బగ్ వస్తే ఆ ఇద్దరిలో ఒకరు మీరే.

ఆఫీసులో మేము ప్రతి బగ్‌కి ఒక తీవ్రత వేస్తాం. సైట్ మొత్తం పడిపోతే పీ1, బటన్ రంగు తేడా వస్తే పీ4. బండికీ అదే వేయండి. హ్యాండిల్ దగ్గర చప్పుడు, అద్దంలో వైబ్రేషన్, స్క్రీన్‌లో బ్లూటూత్ తెగిపోవడం, ఇవన్నీ పీ4. ఫ్యూయల్ పంప్ పోవడం, స్టేటర్ కాలడం, క్లచ్ జారడం, హెడ్‌లైట్ ఆరిపోవడం పీ1. కెరమెరి ఘాట్‌లో చీకటి పడ్డాక బండి ఆగిపోతే, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు. ఉట్నూర్ నుంచి జోడేఘాట్ వైపు పోయే దారిలో వెనక అమ్మనో, చెల్లెనో కూర్చోబెట్టుకొని పోయేవాడికి పది పీ4లు ఉన్న బండి ఒక పీ1 ఉన్న బండి కంటే వంద రెట్లు నయం. రివ్యూల్లో మాత్రం పీ4ల గురించే పేజీలు పేజీలు ఉంటాయి, ఎందుకంటే వారం రోజుల్లో కనిపించేవి అవే.

ఎలక్ట్రానిక్స్ దగ్గరికి వద్దాం. ఆ అమెరికా సర్వేలో కూడా ఎక్కువ రిపేర్లు ఇంజన్ లోపలివి కావు. లైట్లు, స్విచ్‌లు, వైరింగ్, బ్రేకులు, ఫ్యూయల్ సిస్టమ్. కారణం సింపుల్: వైబ్రేషన్, నీళ్లు, వేడి. 2021 సెప్టెంబర్‌లో యాపిల్ తన సపోర్ట్ పేజీలో ఏం రాసిందో గుర్తుందా? పెద్ద ఇంజన్ మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి ఐఫోన్ నేరుగా బిగిస్తే, ఆ వైబ్రేషన్‌కి కెమెరాలోని స్టెబిలైజేషన్ భాగాలు దెబ్బతినొచ్చని. హ్యాండిల్ మీద పెట్టిన ఫోన్‌కే అంత జరిగితే, అదే హ్యాండిల్ వెనక పదేళ్లు ఉండాల్సిన స్క్రీన్ సంగతి ఏంటి? వారంటీ అయ్యాక ఆ స్క్రీన్ పోతే ధర ఎంత అని బుకింగ్ రోజే అడగండి. ఫోన్ డిస్‌ప్లే ధర అడుగుతాం కదా, ఇదీ అంతే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు మా ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది: గల్ఫ్ బండి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఇంటికొకరు దుబాయిలోనో, సౌదీలోనో ఉంటారు. సెలవుకు వచ్చినప్పుడు మంచి బండి తీసుకుంటారు, రెండు నెలలు తిరుగుతారు, కవర్ కప్పి వెళ్లిపోతారు. మళ్లీ రెండేళ్లకు వస్తారు. తర్వాత ప్రకటన ఇలా ఉంటుంది: "2019 మోడల్, సింగిల్ ఓనర్, 8,000 కిలోమీటర్లే తిరిగింది." చూడగానే నోరూరుతుంది. నన్నడిగితే 40,000 తిరిగిన బండే బెటర్, సర్వీసు బుక్ ఉంటే.

ఎందుకంటే నిలబడ్డ బండి కూడా పాడవుతుంది, వేరే రకంగా. బ్యాటరీ చచ్చిపోతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, అందుకే కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్లకు మార్చమంటారు. టైర్లు గట్టిపడతాయి. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. అరుగు బాగున్నా ఆ టైరుతో ఘాట్ ఎక్కొద్దు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల తుప్పు. పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటే తేమ ఇంకా లాగుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, కానీ 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా బండ్లు దాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. మైలేజ్ తగ్గడం చిన్న విషయం. నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే టూ వీలర్లకు 3 నుంచి 4 శాతం తగ్గుతుందని రాశారు. నా భయం మైలేజ్ గురించి కాదు, రెండేళ్లు అదే పెట్రోల్‌లో నానిన రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంప్ గురించి. ఇవి కాక ఎలుకలు. మా చిన్నాయన బండి రెండేళ్లు రేకుల షెడ్డులో ఉంది, వైరింగ్ హార్నెస్ సగం కొరికేసి ఉంది. దానికి ఏ కంపెనీని తిడతాం?

రీకాల్ గురించి మన వాళ్లకు ఒక అపోహ: రీకాల్ వచ్చిందంటే బండి చెత్త అని. నేను అలా చూడను. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం వల్ల 2,36,966 బండ్లను వెనక్కి పిలిచింది. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రేక్ రియాక్షన్ బ్రాకెట్ కోసం 26,300 క్లాసిక్ 350లను. తప్పు జరిగింది, నిజమే. కానీ ఏ తేదీల మధ్య తయారైన బండ్లు, ఏ పార్ట్, అన్నీ బయట పెట్టారు. కొనేవాడికి ఇంతకంటే గట్టి సమాచారం ఎక్కడ దొరుకుతుంది? నాకు భయం, లోపం ఉండి కూడా సర్వీసుకు వచ్చినప్పుడు చప్పుడు చేయకుండా మార్చి పంపించే పద్ధతి అంటేనే. 2012 నుంచి సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110ఏ సెక్షన్‌తో, 2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే రీకాల్ చేయించే అధికారం కూడా వచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఛాసిస్ నంబర్ కంపెనీకి చెప్పి, రీకాల్ ఉందా, ఉంటే పని జరిగిందా అని అడిగి తెలుసుకోండి. డబ్బులేం ఖర్చు కావు.

"పాత బుల్లెట్ ఇప్పటికీ నడుస్తుంది, ఇప్పటి బండ్లలో ఆ గట్టితనం ఏది?" అనే పెద్దమనుషులకు ఒక మాట. క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఆగకుండా నడిచింది కాదు, ఆగినా మళ్లీ నడిచింది. రెండూ వేరు. టూల్ కిట్, ఒక ప్లగ్గు, ఒక క్లచ్ కేబుల్ ఉంటే ఏ ఊళ్లోనైనా లేపేవారు. ఇప్పటి బండి తక్కువసార్లు ఆగుతుంది, కానీ ఆగితే స్కానర్ కావాలి, ఆ స్కానర్ ఉన్న చోటికి ట్రాలీ ఆటో కావాలి. హైదరాబాద్‌లో ఉండేవాడికి మొదటి లెక్క చాలు. ఆసిఫాబాద్‌లో ఉండేవాడు రెండో లెక్క కూడా వేయాలి, అక్కడి నుంచి సర్వీస్ సెంటర్ ఎంత దూరమో కలిపి.

అందుకే షోరూంలో టెస్ట్ రైడ్ అయ్యాక నేను పార్ట్స్ కౌంటర్ దగ్గరికి వెళ్తా. మూడే అడుగుతా: క్లచ్ కేబుల్, ముందు బ్రేక్ లివర్, ఫ్యూయల్ పంప్. ఉందా, ఎంత, ఎన్ని రోజులు. ఈ మధ్య ఫ్రెండ్ కోసం మూడు బ్రాండ్ల కౌంటర్లలో ఇదే అడిగాం. ఒకచోట మూడూ స్టాక్‌లో ఉన్నాయి, ధర కంప్యూటర్‌లో చూసి చెప్పారు. ఒకచోట కేబుల్ ఉంది, మిగతావి హైదరాబాద్ నుంచి నాలుగు రోజులు. మూడోచోట "అడ్వాన్స్ కట్టండి సార్, ఆర్డర్ పెడ్తం" అన్నారు, ఎన్ని రోజులో చెప్పలేదు. అన్నిటికంటే పెద్ద స్క్రీన్ ఉన్నది ఆ మూడో బండికే.

మరి నేనైతే ఏది కొంటా? ఈరోజు, మా రోడ్లకు, నా డబ్బుతో అయితే రేడియేటర్ లేని, కనీసం ఐదేళ్లుగా రోడ్డు మీద ఉన్న ఇంజన్. అంటే వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ లాంటిది, లేదా 350 ఇంజన్ ఉన్న మీటియోర్. 12 లీటర్ల ట్యాంకు నాకు నచ్చకపోయినా వీ-స్ట్రోమ్ వైపే మొగ్గు. హిమాలయన్ 450 నడపడానికి వీటన్నిటికంటే బాగుంది, అందులో డౌట్ లేదు. కానీ దాని ఇంజన్ వయసు ఇంకా చిన్నది. మొదటి రెండేళ్ల లోపాలు తెలిశాయి, ఏడో ఏడాదివి ఎవరికీ తెలియవు, తయారు చేసినవాళ్లతో సహా. హైవే మీదే ఎక్కువ తిరిగేవాడికి, సర్వీస్ సెంటర్ పది కిలోమీటర్లలో ఉన్నవాడికి నా లెక్క వర్తించదు, హాయిగా తీసుకోవచ్చు.

మా ఫ్రెండ్ ఇంకా బుక్ చేయలేదు. వాడిది మంచిర్యాల, కరీంనగర్ కౌంటర్‌లో దొరికితే నాకేం లాభం అన్నాడు. అదీ నిజమే. అక్కడి కౌంటర్ ఆదివారం మూసి ఉంటుందట, సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లి అడుగుతాడు.